లోపలికి పోసే బోరు

ఉదయగిరి, 2 మార్చి 1998

నేను గదిలోకి వస్తే కమాలుద్దీన్ ఈరోజు కూడా లేవలేదు. కాగితాలు సర్దుకుంటున్నట్టు తల వంచుకుని కూర్చున్నాడు. నాకంటే ముందు ఆరేళ్ళు ఈ పరిశోధన కేంద్రానికి ఇన్‌ఛార్జి అతనే. డైరెక్టరు కుర్చీ తనదే అని ఆత్మకూరులో బంధువులందరికీ చెప్పుకున్నాడట. హైదరాబాదు నుంచి ఒక ఆడమనిషి వచ్చి అందులో కూర్చుంటుందని, అదీ ఉదయగిరి మిషన్ బడి పంతులుగారి కూతురని కలలో కూడా అనుకుని ఉండడు. ఈ సంగతి చెప్పింది డ్రైవర్ షఫీ. నా మాటలు అతనికి మోసేది కూడా షఫీయేనని నాకు తెలుసు.

నేను వచ్చింది ఎవరి ప్రేమ కోసమూ కాదు. దుర్గం కొండ అవతల మనం వేసిన లోతు బోరులోకి బొగ్గుపులుసు వాయువును నీళ్ళలో కలిపి దించాలి. అడుగున ఉన్న నల్లరాయిని పట్టుకుని అది మెల్లగా తానూ రాయి అయిపోవాలి. ఫ్యాక్టరీ పొగను ఆకాశానికి వదలకుండా భూమిలో దాచిపెట్టవచ్చని చూపించాలి. ఇరవై ఏళ్ళుగా ఈ ఒక్క ఆలోచన పట్టుకుని తిరుగుతున్నాను. నవ్విన వాళ్ళందరూ గుర్తున్నారు. క్యోటోలో వాతావరణం మీద పెద్ద సభ జరిగాక ఢిల్లీ వాళ్ళకు హఠాత్తుగా నా ఆలోచన ముద్దొచ్చింది. మే మొదటి వారంలో చూడటానికి వస్తామన్నారు. ఛైర్మన్‌గారు హైదరాబాదు నుంచి వారానికోసారి ఫోను చేసి అదే గుర్తు చేస్తున్నారు.

మే లోపల గ్యాసు కిందికి పోవాలి. అంతే.

11 మార్చి

ఈరోజు ఊరివాళ్ళతో మాట్లాడాను. మాట్లాడి చెడ్డాను.

ఇన్నాళ్ళూ వీళ్ళందరూ అది నీళ్ళ బోరనుకుంటున్నారు. భూమి లీజుకు తీసుకున్నప్పుడు కమాలుద్దీన్ 'గవర్నమెంటు బోరు' అని ఊరుకున్నాడు. నీళ్ళు పడతాయని వాళ్ళంతట వాళ్ళు అనుకున్నారట, అతనేమీ అబద్ధం ఆడలేదట. నాకు అటువంటి తెలివితేటలు చేతకావు. షెడ్డు ముందు అందరినీ కూర్చోబెట్టి, ఇది నీళ్ళ కోసం వేసింది కాదని, లోపలికి గ్యాసు పంపడానికని ఉన్నదున్నట్టు చెప్పాను.

చెంచయ్య లేచాడు. మన బోరుకు ఆనుకుని ఉన్న మూడు చెక్కల పొలం, మోటబావి అతనివి. నాకంటే చిన్నవాడు. చిన్నప్పుడు సండేస్కూల్లో మా చెల్లెలి పక్కన కూర్చునేవాడు. వచ్చిన కొత్తలో రోడ్డు మీద కనబడి "అక్కా, వందనాలు" అని చెయ్యెత్తినవాడే.

"అక్కా, సోమశిల డ్యాం నీళ్ళు మా మెట్టకు ఎట్టా రావు. బావులు చూస్తే అడుగంటినాయి. నీళ్ళు పైకి తీసే బోర్లు చూసినాం గానీ, లోపలికి పోసే బోరు ఇప్పుడే చూస్తాండాం. ఆ పోసే నీళ్ళేందో మాకు పొయ్యరాదా?"

అందరూ నవ్వారు. కమాలుద్దీన్ కూడా నవ్వాడు. నేను చూశాను.

ఆ నవ్వు తట్టుకోలేకపోయాను. పరిశోధన అంటే ఏమిటో మీకు అర్థం కాదని అనేశాను. ఆ ముక్క అనకుండా ఉండాల్సింది. చెంచయ్య తుండు దులుపుకుని భుజాన వేసుకున్నాడు. "అర్థం కాదులే మేడం" అన్నాడు. అక్కా పోయి మేడం అయింది.

ఇంత కాలం అబద్ధంలో ఉంచినవాడి మీద వాళ్ళకు కోపం లేదు. నిజం చెప్పిన నా మీద ఉంది.

20 మార్చి

బోరులో పోయడానికి నీళ్ళు తెచ్చే మన ట్యాంకరు అద్దం పగలగొట్టారు. ఎవరిని అడిగినా తెలియదంటారు.

3 ఏప్రిల్

మొదలుపెట్టాం. మద్రాసు నుంచి గ్యాసు ట్యాంకరు పోలీసు జీపు వెంట వచ్చింది. కూల్‌డ్రింకు కంపెనీలకు పంపే గ్యాసే ఇది, భయపడాల్సింది ఏమీ లేదని ఇన్‌స్పెక్టరుకు చెబితే ఆయన సీసా మూత తీసినట్టు శబ్దం చేసి నవ్వాడు.

బోరు ఎంత పోస్తే అంత తీసుకుంటోంది. ప్రెషర్ ముల్లు పెరగాల్సినంత పెరగలేదు. రాయి ఇంత సులువుగా ఒప్పుకుంటుందని నేను కూడా అనుకోలేదు. షెడ్డులో అందరికీ టీ తెప్పించాను. "రాయి తాగుతోంది" అన్నాను.

కమాలుద్దీన్ టీ ముట్టుకోలేదు. "తాగడం లేదు మేడం, కారుతోంది" అన్నాడు.

అందరి ముందూ అన్నాడు. అడుగున పగులేదో ఉండి దానివెంట పైకి దారి చూసుకుంటోందట. పోయడం ఆపి, చుట్టుపక్కల బావుల్లో నీళ్ళు చూసి, ఆ తర్వాతే ముందుకు పోవాలట. చూడటానికి ఎంతకాలం పడుతుందని అడిగాను. వానలు పడేదాకా అన్నాడు. అంటే మే పోతుంది, ఢిల్లీ వాళ్ళు పోతారు, నేను పోతాను. అప్పుడు కుర్చీ ఖాళీ.

12 ఏప్రిల్, ఈస్టర్

గుడికి వెళ్ళాను. నాన్న పాఠం చదివే మెట్టు అలాగే ఉంది. నేను కూర్చున్న బల్ల మీద నా పక్కన ఎవరూ కూర్చోలేదు. వెనక జనం నిలబడి ఉన్నారు, అయినా కూర్చోలేదు. లిదియమ్మ ఒక్కతే, మా అమ్మతో కలిసి క్వయిర్‌లో పాడిన ముసలామె, వచ్చి నా చెవిలో "వాళ్ళ కడుపు మంట వాళ్ళది, నువ్వు మాత్రం కొంచెం తగ్గి మాట్లాడు బిడ్డా" అంది.

ఎవరి దగ్గర తగ్గాలి? ఇరవై ఏళ్ళు తగ్గే ఉన్నాను.

19 ఏప్రిల్

సాయంత్రం రాహేలమ్మ ఆఫీసుకు వచ్చింది. చెంచయ్య భార్య. మొగుడికి తెలియకుండా వచ్చానంది. చెంగు చాటున చెంబు.

"వదినా, ఒక్క గుక్క తాగి చూడు. మా బావి నీళ్ళు. సోడా మాదిరి పుల్లగా ఉండాయి. గొడ్లు మూతి పెట్టి తీసేస్తాండాయి."

చెంబులో సన్న బుడగలు అంచుకు పట్టుకుని ఉన్నాయి. తాగాను. నాలుక మీద చురుక్కుమంది.

వేసవిలో అడుగు నీళ్ళు అట్లాగే ఉంటాయి, వానలు పడితే సర్దుకుంటాయి అని చెప్పాను. ఆమె నా మొహంలోకి చూసింది. సరే వదినా, నువ్వు చదువుకున్నదానివి అంది. చెంబు అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

వేసవిలో అడుగు నీళ్ళ రుచి మారుతుంది. అది అబద్ధం కాదు.

20 ఏప్రిల్

అడుగు నీళ్ళలో లవణాలు చిక్కబడతాయి. ఏ పుస్తకంలో అయినా ఉంటుంది. అది అబద్ధం కాదు.

24 ఏప్రిల్

ఇవాళ తేలిపోయింది.

ఆ చెంబు సంగతి కమాలుద్దీన్‌కు ఎట్లా తెలిసిందో తెలిసింది. షఫీ. పొద్దున్నే నా గదిలోకి వచ్చి తలుపు వేశాడు. ఈ ఒక్కసారి గొంతు పెంచలేదు. గ్యాసు ఆ బావిలోకి వస్తోందని, నీళ్ళలోంచి విడిపోయి బావి అడుగున పేరుకుంటుందని, గాలికంటే బరువు కాబట్టి పైకి లేవదని, రంగూ వాసనా ఉండదని, దిగినవాడికి రెండో ఊపిరి అందదని చెప్పాడు. నాకు తెలియని విషయాలు చెబుతున్నట్టు చెప్పాడు. ఈ విషయం మీద నేను డాక్టరేటు చేశాను.

ఆధారం ఏమిటని అడిగాను. సీసాలో గాలి పట్టి హైదరాబాదు పంపుదాం అన్నాడు. పంపితే ఛైర్మన్‌గారి బల్ల మీదికి పోతుంది, ఢిల్లీకి పోతుంది. మీరు కోరుకునేది అదేగా అన్నాను. నన్ను దించాలనేగా నేను వచ్చినప్పటి నుంచీ చూస్తున్నారు అన్నాను. ఇంకా చాలా అన్నాను.

అతను అంతా విన్నాడు.

"మీరంటే నాకు ఇష్టం లేదు మేడం. మీరు నా కుర్చీలో కూర్చున్నారు. అది వేరే విషయం. ఇది వేరే."

మధ్యాహ్నం అతన్ని ఆత్మకూరు ఆఫీసుకు వేశాను. ఢిల్లీ వాళ్ళ బస, భోజనాలు, కార్లు అన్నీ అక్కడినుంచి చూసుకోవాలని చెప్పాను. ఎందుకో అతనికి తెలుసు, నాకూ తెలుసు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగాడు. ఆ బావి చుట్టూ కంచె వేయించమన్నాడు. తన మాట మీద వేయించినట్టు కాకుండా నా మాటగానే వేయించమన్నాడు.

అతను లేని ఆఫీసు ఎంత హాయిగా ఉందో.

29 ఏప్రిల్

కంచె వేస్తే చెంచయ్య ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెప్పాలి. చెబితే సాయంత్రానికి వరికుంటపాడు దాకా పాకుతుంది, ఇక ఢిల్లీ వాళ్ళు వచ్చి చూసేది రాళ్ళు పట్టుకున్న జనాన్ని.

పోయడం తగ్గించమని చెప్పాను. సగానికి. చాలు.

ఊరికి రోజూ మంచినీళ్ళ ట్యాంకరు పంపే ఏర్పాటు చేశాను. ఇక ఆ బావి నీళ్ళు ఎవరూ తాగనక్కర్లేదు. నేను చేయగలిగింది చేశాను. ఢిల్లీ వాళ్ళు వెళ్ళిపోయిన మర్నాడే కంచె వేయిస్తాను. ఏడో తేదీ. రాసుకుంటున్నాను.

5 మే

రేపే. షెడ్డుకు సున్నం వేయించాను. సోమశిల చేపలు కావాలని ఛైర్మన్‌గారి పీఏ ఫోను. కమాలుద్దీన్ ఆత్మకూరు నుంచి అన్నీ సరిగ్గానే ఏర్పాటు చేశాడు. పనిలో తప్పు పట్టనివ్వడు, అదే నాకు మరీ ఒళ్ళుమంట.

వడగాలికి కళ్ళు మండుతున్నాయి. ప్రసంగం నోటికి వచ్చేసింది.

6 మే

చెంచయ్య చనిపోయాడు.

8 మే

కుడి మణికట్టు వాచింది, మెల్లగా రాస్తున్నాను. రాయకపోతే తర్వాత ఇంకోలా గుర్తు తెచ్చుకుంటాను.

పొద్దున అంతా బాగానే నడిచింది. ఢిల్లీ నుంచి ముగ్గురు వచ్చారు, ఛైర్మన్‌గారు వచ్చారు. బోరు చూపించాను. రాతి ముక్కలు చేతికిచ్చాను. వాళ్ళలో పెద్దాయన నల్లరాయిని ఎండకు ఎత్తి చూసి, మీరు ఈ దేశానికి ఒక దారి చూపించారన్నాడు. ఛైర్మన్‌గారు నా భుజం తట్టారు. కార్యక్రమం మొత్తానికి నువ్వే పెద్దవి అవుతావు అని చెవిలో అన్నారు. ఆ మాటకు ఎంత సంతోషపడ్డానో ఇక్కడ రాసి తీరాలి. చాలా సంతోషపడ్డాను.

భోజనాలకు షామియానా కింద కూర్చోబోతుంటే చెంచయ్య బావి దగ్గర మనుషులు కనిపించారు. అతను, తమ్ముడు యేసుబాబు, పూడిక తీసే గురుస్వామి. గిలక కడుతున్నారు. మోకు, తట్టలు. నీళ్ళు అడుగంటాయి కదా, పూడిక తీస్తే ఊట తగులుతుందని దిగబోతున్నారు.

నాకు ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. అర్థం కాలేదని ఎవరికి చెప్పుకున్నా ఇక్కడ చెప్పుకోలేను.

లేచి పోవచ్చు. పొలం దాటితే బావి. కానీ పెద్దాయన నన్నేదో అడుగుతున్నాడు, ఛైర్మన్‌గారు నా వైపే చూస్తున్నారు. షఫీని పిలిచాను. పెద్ద ఆఫీసర్లు ఉన్నారు, ఈ పూట బావి పని ఆపమని మేడం చెప్పిందని చెప్పు, అన్నాను. అంతే చెప్పాను. గ్యాసు మాట చెప్పలేదు. షఫీకి చెబితే అందరికీ తెలుస్తుంది. ఈ పూటకు ఆగితే చాలు, రేపు కంచె వేస్తాను, అనుకున్నాను.

షఫీ వెళ్ళాడు. నేను చేప ముక్క విడదీస్తూ చూస్తున్నాను. షఫీ ఏదో చెప్పాడు. చెంచయ్య మా షామియానా వైపు తిరిగి చూశాడు. అంత దూరంలో మొహం కనబడదు. తర్వాత షఫీ చెప్పాడు, అతనన్నది ఇదట: "నా బావిలో నేను దిగేదానికి ఆమె పర్మిషన్ ఏంది? ఆఫీసర్లకు నా మొల తుండు చూస్తే సిగ్గా?" లాంతరు దించి చూద్దాం, ఆరకపోతే దిగుదాం అని గురుస్వామి అన్నాడట. అతనికి అది అలవాటు. చెంచయ్య ఆగలేదు. తుండు తలకు చుట్టి, చూడనీ అంటూ, మా వాళ్ళందరూ చూస్తుండగా మోకు పట్టుకుని దిగిపోయాడు.

కాసేపటికి గురుస్వామి వంగి పిలవడం కనిపించింది. మళ్ళీ పిలిచాడు. తర్వాత అతనూ దిగాడు.

అప్పుడు లేచాను. విస్తరి మీద చెయ్యి పడి చేపల పులుసు అంతా చీర మీద ఒలికింది. పరిగెత్తాను. ఈ వయసులో పరిగెత్తగలనని నాకే తెలియదు. నేను పోయేసరికి యేసుబాబు మోకు పట్టుకుని ఒక కాలు లోపల పెట్టాడు. నడుం పట్టుకుని వెనక్కి లాగాను. ఇద్దరం గట్టు మీద పడ్డాం. అతను నన్ను కొట్టాడు, తోశాడు, మా అన్న లోపలుండాడు వదలవే అన్నాడు. నేను వదల్లేదు. నా చెయ్యి అతని కింద మెలిపడింది. "దిగొద్దు, గ్యాసుంది, దిగితే చస్తావు" అని అరిచాను. గ్యాసుంది అని ఎన్నిసార్లు అరిచానో.

షెడ్డు నుంచి కంప్రెసర్ గొట్టం లాక్కురమ్మన్నాను. బావిలోకి గాలి కొట్టించాం. అది చేయడం నాకు తెలుసు. చాలాసేపు కొట్టాక యేసుబాబును మోకు కట్టి దించి ఇద్దరినీ పైకి లాగారు. గురుస్వామి బావి గోడలోని అరలో, కొంచెం పైన చిక్కుకుని ఉన్నాడు. ఊపిరి ఉంది. చెంచయ్య అడుగున బోర్లా పడి ఉన్నాడు. లేదు.

అప్పటికి ఛైర్మన్‌గారు అతిథులను కార్లెక్కించి పంపేశారు. ఏదో ఊరి గొడవ అని చెప్పారట.

రాహేలమ్మ ఏడవలేదు. మొగుడి తల ఒళ్ళో పెట్టుకుని, మొహానికి అంటిన బురద చెంగుతో తుడిచింది. తుడుస్తూనే తల ఎత్తకుండా అడిగింది.

"అందులో గ్యాసుండాదని నీకెట్టా తెలుసు?"

అందరూ నా వైపు చూశారు.

10 మే

చెంచయ్య సమాధి దగ్గరికి బయలుదేరాను. ఊరి మొగదలలో యేసుబాబు, ఇంకొందరు దారికి అడ్డంగా నిలబడ్డారు. తిట్టలేదు. నిలబడ్డారు, అంతే. షఫీ జీపు వెనక్కి తిప్పాడు.

13 మే

ఆత్మకూరు ఆసుపత్రిలో గురుస్వామిని చూడటానికి పోయాను. కోలుకుంటున్నాడు. మాట ముద్దగా వస్తోంది. నన్ను చూసి గోడవైపు తిరిగాడు.

వరండాలో కమాలుద్దీన్ ఉన్నాడు. గురుస్వామికి ఇంట్లో తన భార్య కరీంబీ చేత జావ కాయించి తెస్తున్నాడట. నేను పోబోతుంటే ఎదురొచ్చి నిలబడ్డాడు. మీరు చెప్పకపోతే నేను చెబుతానన్నాడు. విచారణకు నెల్లూరు నుంచి ఆఫీసరు వస్తున్నాడు కదా, ఆయన ముందు చెబుతానన్నాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అది దుఃఖమో, కుర్చీ పోయిన కసి తీరబోతున్న సంతోషమో, నాకు తెలియలేదు. బహుశా అతనికీ తెలియదు.

సాయంత్రం ఛైర్మన్‌గారి ఫోను. పాతబావుల్లో చెడుగాలి ఉండటం మామూలే, ఏటా వేసవిలో ఎక్కడో ఒకచోట చనిపోతూనే ఉంటారు, ఆ ముక్క చెప్పు చాలు అన్నారు. గ్యాసుందని నేనరిచిన సంగతి చెప్పాను. అయితే చెడు వాసన వచ్చింది, అందుకని పోల్చుకున్నానని చెప్పు అన్నారు. కమాలుద్దీన్ సంగతి తాను చూసుకుంటానన్నారు.

22 మే

విచారణ రేపు. పాతబావుల్లో చెడుగాలి ఉంటుంది. అది అబద్ధం కాదు. వాసన వచ్చింది. వాసన.

రాహేలమ్మ కూడా వస్తుందట.

23 మే

విచారణ ట్రావెలర్స్ బంగళాలో పెట్టారు. లోపల ఫ్యాను తిరుగుతోంది, బయట అరుగుల మీద ఊరంతా ఉంది. నెల్లూరు ఆఫీసరు మర్యాదస్తుడు. అందరినీ కూర్చోబెట్టాడు. ఛైర్మన్‌గారు ఆయన పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్నారు.

ముందు యేసుబాబు చెప్పాడు. తర్వాత రాహేలమ్మ. నీళ్ళు చెంబులో తెచ్చి చూపించిన సంగతి చెప్పింది. ఆమెకు ముందే తెలుసయ్యా, తెలీకుంటే మా మరిదిని అట్ట పట్టుకు లాగుద్దా అంది. ఆఫీసరు నా వైపు తిరిగి, మీకు ఎలా తెలిసిందమ్మా అని అడిగాడు.

"వాసన వచ్చిందండి. పాతబావుల్లో చెడుగాలి చేరుతుంటుంది. వాసనబట్టి పోల్చుకున్నాను" అన్నాను.

నా గొంతు బాగానే ఉంది. వణకలేదు. ఇన్నాళ్ళూ సాధన చేసినట్టే వచ్చింది.

తర్వాత కమాలుద్దీన్‌ను లేపారు. నేను కాళ్ళ కింద నేల చూస్తున్నాను. చెబుతాడు, ఏప్రిల్లోనే హెచ్చరించానని చెబుతాడు, ఇక్కడే అయిపోతుంది అనుకున్నాను. కొంచెం తేలిక కూడా పడ్డాను. ఎవరో ఒకరు చెప్పేస్తే బాగుండు.

అతను గొంతు సవరించుకున్నాడు. డైరెక్టరుగారు చెప్పింది సరైనదేనన్నాడు. ఆ బావి దగ్గర తను కూడా అంతకుముందు ఒకసారి అటువంటి వాసన గమనించానన్నాడు. మన బోరుకూ దానికీ సంబంధం ఉందనుకోవడానికి ఆధారం ఏదీ లేదన్నాడు. మాట్లాడినంతసేపూ ఛైర్మన్‌గారి చెప్పుల వైపు చూశాడు.

నాకు అర్థమైంది. కుర్చీ ఇస్తానని ఉంటారు. లేకపోతే నీళ్ళ బోరని భూములు తీసుకున్న సంగతి బయటపెడతామని ఉంటారు. రెండూ అని ఉంటారు.

నా అబద్ధం అతని నోటినుంచి విన్నాను. వాసన. ఆ గ్యాసుకు వాసన ఉండదని మాకిద్దరికీ బడిలో చదివేటప్పటి నుంచీ తెలుసు, అయినా ఆ మాట అంత నున్నగా అతని నోటినుంచి వచ్చింది. ఇతను ఒక్కడే నన్ను అసహ్యించుకోవడానికి అర్హత ఉన్నవాడు అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఇతనూ ఇంతేనా. మేమిద్దరం ఒకటేనా.

లేచి నిలబడ్డాను. ఎవరూ అడగలేదు.

"ఆ గ్యాసుకు వాసన ఉండదు. నేను అబద్ధం చెప్పాను. ఇతనూ అబద్ధం చెబుతున్నాడు."

ఛైర్మన్‌గారు "సుకుమారీ" అని నన్ను ఆపబోయారు. నేను ఆగలేదు. ప్రెషర్ పెరగకపోవడం, చెంబు నీళ్ళు నేను తాగడం, కమాలుద్దీన్ గాలి పట్టి పంపుదామంటే అతన్ని ఆత్మకూరు పంపడం, కంచె వేయకపోవడం, షఫీతో ఏం చెప్పి పంపానో, ఏం చెప్పకుండా పంపానో, అన్నీ వరసగా చెప్పాను. ఆఫీసరు గుమాస్తా కలం ఆపి చూస్తుంటే రాసుకోమన్నాను.

మంచితనం కొద్దీ చెప్పానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. అతని మీద కోపంతో చెప్పాను. కోపం లేకపోతే చెప్పి ఉండేదాన్ని కాదు. సంతకం పెట్టి పైకి వచ్చేదాన్ని, కార్యక్రమం మొత్తానికి పెద్దనయ్యేదాన్ని.

బయటికి వస్తుంటే జనం పక్కకు జరిగారు. ఒకామె నా కాళ్ళ ముందు ఉమ్మింది. కమాలుద్దీన్ మెట్ల మీద నన్ను దాటుకుంటూ, "నన్ను కూడా ముంచారు" అన్నాడు.

అవునన్నాను.

2 జూన్

నన్నూ అతన్నీ పక్కన పెట్టారు. బోరు మూసేయమన్నారు. కేంద్రం సంగతి తర్వాత చూస్తారట. పోలీసు కేసు విషయం నెల్లూరులో తేలాలి, ఊరు విడిచిపెట్టి పోవద్దన్నారు. పోవడానికి ఎక్కడికని?

ఇరవై ఏళ్ళ ఆలోచన. అది తప్పు కాదు. రాయి నిజంగానే పట్టుకుంటుంది. ఇంకొకరెవరో, ఇంకెక్కడో చేస్తారు, పగుళ్ళు చూసి, బావులు చూసి, ఆగి. నాకు ఆగడం చేతకాలేదు.

14 జూన్

బోరులో సిమెంటు పోస్తున్నారంటే చూడటానికి పోయాను. నాకు అక్కడ పని లేదు. బస్సులో పోయి రోడ్డు మీద దిగి నడిచాను. పోసే మేస్త్రీ గుర్తుపట్టి పలకరించలేదు.

చెంచయ్య బావిని కూడా పూడుస్తున్నారు. రాహేలమ్మే పూడ్చమందట. ఎద్దులబండితో మట్టి తెచ్చి తోస్తున్నాడు యేసుబాబు. నన్ను చూసి పార ఆపాడు. రాహేలమ్మ అతనితో, నీ పని నువ్వు చూసుకోరా అంది. అతను మళ్ళీ తోయడం మొదలుపెట్టాడు.

గట్టు మీద ఆమెకు కొంచెం దూరంగా నిలబడ్డాను. క్షమించమని అడగడానికి నోరు తెరిచాను, ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. అది వద్దంది. పాస్టరు కూడా అదే చెప్తాండాడు, క్షమించమని, ఆయన మాట ఆయనది అంది.

మట్టి పడుతోంది. ఇద్దరం బావినే చూస్తున్నాం. ఆమే మాట్లాడింది. వదినా అనలేదు, మేడం అనలేదు.

"ఆ పూట నువ్వే వచ్చి చెప్పుంటే ఆయన ఇనేవాడు. తిట్టేవాడు. నాలుగు తిట్లు తిట్టేవాడు. అయినా ఇనేవాడు. నువ్వు షఫీని పంపినావు."

ఆమె చెంగు నడుముకు దోపుకుని, పార అందుకుని, మట్టి తోయడానికి పోయింది. నేను బస్సు వేళ దాటిపోయినా అక్కడే నిలబడ్డాను. ఎవరూ పొమ్మని కూడా అనలేదు.